చప్పుడైతే ఎవరి దగ్గరికి

సెప్టెంబరు 3

నిన్న రాత్రి పెరట్లో ఏదో దభీమని పడింది. తుపాకీ తీసుకుని, తొట్టిలో బొంత పరిచి, ఉప్పు బిస్కెట్ల డబ్బా పక్కన పెట్టుకుని కూర్చున్నాను. నా మనవరాలు జోసీ రాలేదు.

పిల్ల నా కొత్త కోడలు డార్లా గదికి పోయింది.

దాని తల్లి వదిలేసి వెళ్ళిన ఏడాది నుంచి, అంటే పిల్లకు నాలుగేళ్ళప్పటి నుంచి, ఈ ఇంట్లో రాత్రి చప్పుడైతే ఒకటే పద్ధతి. జోసీ నడవాలో పరిగెత్తుకుంటూ నా గదికి వస్తుంది. నా స్నానాల గదిలో మా మామగారి కాలం నాటి పోత ఇనుప తొట్టి ఉంది. సుడిగాలి వచ్చినా దొంగ వచ్చినా మా కొండల్లో పిల్లల్ని దాచే చోటు అదే. గాలికి కదలదు, తూటా దూరదు. పిల్ల అందులో పడుకుంటుంది. నేను స్టూలు మీద కూర్చుంటాను, ఒళ్ళో ట్వంటీ గేజ్ తుపాకీ. షెరీఫ్ మనిషి కిందనుంచి ఈ కొండ ఎక్కి వచ్చేలోగా దొంగ భోంచేసి, పళ్ళెం కడిగి కూడా వెళ్ళిపోవచ్చు. అందుకని మా కాపలా మేమే. పిల్లకు లాటిన్ క్రియారూపాలు అప్పజెప్తాను. రెండో క్రియ దాటకుండా నిద్రపోతుంది. నేను బడిలో చెప్పినన్నాళ్ళూ అందరూ చేసింది అదే గాని, జోసీ ఒక్కతే నా మీద నమ్మకంతో నిద్రపోయింది.

దొంగ ఎప్పుడూ రాలేదు. కట్టు తెంచుకున్న ఆవు వచ్చింది. పొగగూట్లో గబ్బిలం వచ్చింది. ఒకసారి నా కొడుకు రాయిసే తాళంచెవి లారీలో మర్చిపోయి కిటికీలోంచి వచ్చాడు. వాడికి ఆ రాత్రి నేను ప్రాణభిక్ష పెట్టాను. థాంక్స్ కూడా చెప్పలేదు.

నిన్న పడింది చెత్తడబ్బా మూత. బిస్కెట్లు నేనే తిన్నాను.

సెప్టెంబరు 4

పొద్దున్న టిఫిన్ దగ్గర మాటల్లో మాటగా అడిగాను.

"మొన్న రాత్రి నీకు చప్పుడు వినపడలేదా?"

"వినపడింది నానమ్మా."

"మరి?"

"డార్లా గది దగ్గర కదా, అటు పోయా."

"దగ్గరెలా అవుతుంది? నీ గుమ్మం నుంచి రెండూ ఒకటే దూరం. కావాలంటే టేపు పెట్టి కొలుద్దాం."

"పొద్దున్నే ఈ కొలతలేంటి నానమ్మా! ఆ గ్రేవీ గిన్నె ఇటు తోయ్."

డార్లా పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. వీపు నవ్వుతోంది. వీపులు నవ్వుతాయి. వెనక బెంచీ వాళ్ళను అన్నేళ్ళు చూసినదాన్ని, నాకు తెలియదా.

సెప్టెంబరు 5

కొలిచాను. నా గదే దగ్గర. ఎవరికీ చెప్పలేదు.

సెప్టెంబరు 8

వారాల తరబడి లారీ మీదే ఉండే రాయిస్ మే నెలలో ఈ డార్లాను చేసుకున్నాడు. మంచి పిల్లే. స్కూలు బస్సు నడుపుతుంది, తెల్లారకముందే లేస్తుంది, గిన్నెలు నానబెట్టి వదిలేయదు. ఒకప్పుడు నా క్లాసులో కూర్చుని లాటిన్‌లో తప్పింది. ఇప్పటికీ నన్ను "మిసెస్ ప్రూయిట్" అనే పిలుస్తుంది. అత్తగారిని ఎవరైనా అలా పిలుస్తారా అని రాయిస్ నవ్వుతాడు. నాకేమీ నవ్వు రాదు. పిలుపు బాగానే ఉంది.

ఇవాళ చర్చి నుంచి వచ్చాక అందర్నీ వంటగది బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. తుపాకుల కొట్టు వాళ్ళు ఇంటి రక్షణ మీద క్లాసులు పెడితే వెళ్ళొచ్చిందట. ఇక ఈ ఇంటికి ఒక ప్లాను ఉండాలంది. ఇన్నాళ్ళూ లేనట్టు.

"చప్పుడైతే జోసీ, మీరూ నా గదిలోని బట్టల గదిలోకి వచ్చేయాలి. తలుపుకి రాయిస్ ఉక్కు రేకు కొట్టాడు. లోపల నీళ్ళున్నాయి, టార్చి ఉంది. నేను పిస్టల్‌తో గుమ్మంలో ఉంటా."

"మరి నా తుపాకీ?"

"దాన్ని ఇనప్పెట్టెలో పెట్టేద్దాం మిసెస్ ప్రూయిట్. చీకట్లో ఇద్దరు తుపాకులు పట్టుకు తిరిగితే చివరికి ఒకళ్ళనొకళ్ళు కాల్చుకుంటారని మా సార్ చెప్పాడు."

"మీ సార్‌కి మనుషుల్ని గుర్తుపట్టడం రాదేమో. ఈ నడవాలో ఎవరు అడుగేసినా, కింద చెక్క మూలిగే తీరు విని ఎవరో చెప్తాను. నువ్వు మడమ మీద నడుస్తావు. జోసీ వేళ్ళ మీద."

"అది కాదండీ..."

"తుపాకీ నా మంచం కిందే ఉంటుంది. ఇల్లు నా పేరున ఉంది." రెండో మాట అవసరం లేదు. అయినా అన్నాను.

జోసీ వంక చూశాను. "నువ్వు చెప్పు. తొట్టిలో నీకేం తక్కువైంది?"

"చల్లగా ఉంటుంది నానమ్మా. కాళ్ళు కూడా పట్టట్లేదు."

"మడుచుకో."

"ఇంకా ఎన్నాళ్ళు మడుచుకోను!"

పన్నెండేళ్ళకే అంత పొడుగు ఎందుకు పెరగాలో అర్థం కాదు. వాళ్ళమ్మ పొడుగు.

సెప్టెంబరు 9

ప్లానులో ఇంకో ముక్క ఉంది. నడవాలో ఎవరైనా ఎదురుపడితే డార్లా "ఎవరది?" అంటుంది. మనం ఒక మాట చెప్పాలి. చెప్తే ఇంట్లోవాళ్ళం, చెప్పకపోతే దొంగలం. ఆ మాట ఏం పెట్టాలో జోసీని ఎంచమంది. జోసీ "బటర్‌మిల్క్" అంది. చచ్చిపోయిన మా కంచర గాడిద పేరు.

సాయంత్రం రిహార్సల్. లైట్లన్నీ ఆర్పి, జోసీ కిలకిలలాడుతూ వెళ్ళింది, మాట చెప్పింది, లోపలికి పోయింది. నా వంతు వచ్చింది.

"ఎవరది?" అంది డార్లా.

"ఎవరిల్లు ఇది?" అన్నాను.

"మాట చెప్పండి మిసెస్ ప్రూయిట్."

"నా మొగుడు కట్టిన నడవాలో నేనెవరో గాడిద పేరుతో చెప్పుకోవాలా?"

"ఒక్కసారి చెప్తే అయిపోతుంది కదండీ. జోసీ కోసమైనా."

చెప్పలేదు. జోసీ బట్టల గదిలోంచి అరిచింది: "నానమ్మ చచ్చిపోయింది! డార్లా కాల్చేసింది! ఇప్పుడు బీన్స్ ఎవరు వండుతారు?"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. బీన్స్ నేనే వండాను. ఉప్పు వేయలేదు.

సెప్టెంబరు 17

డార్లా కెమెరా తెప్పించింది. ఇంటి వెనక చూరుకి బిగించింది. రాత్రి ఏది కదిలినా దాని ఫోను కుయ్యిమంటుంది.

నిన్న రాత్రి కుయ్యిమంది. డార్లా లేచింది, పిల్ల పరిగెత్తింది, ఉక్కు తలుపు మూసుకుంది, డార్లా పిస్టల్ పట్టుకుని ఇల్లంతా తిరిగింది. నేను నా స్టూలు మీద కూర్చున్నాను. ఎవరైనా రావచ్చు కదా.

దీపం పురుగట.

సెప్టెంబరు 18

అదే పురుగు.

సెప్టెంబరు 21

ఈసారి ఒక నక్క. నాకు నిద్ర ఎలాగూ తక్కువ. వాళ్ళ గదికీ నాకూ మధ్య గోడ పలచన. ఉక్కు తలుపు వెనక ఏం మాట్లాడుకుంటారో వినపడదు గాని, నవ్వు మాత్రం వినపడుతుంది. అంతసేపు దేనికి నవ్వుతారు? ప్రాణాపాయం అని కదా దాక్కున్నది.

పొద్దున చూస్తే పిల్ల గోళ్ళకి ఊదారంగు.

"ఎప్పుడేసుకున్నావు?"

"రాత్రి, లోపల కూర్చున్నప్పుడు. డార్లా వచ్చి వేసింది. టార్చి నేను పట్టుకున్నా. బాగున్నాయా?"

"బావున్నాయి. దొంగ వచ్చుంటే చూసి ముచ్చటపడేవాడు."

సెప్టెంబరు 26

వెనక మెట్ల దగ్గర ఒక రకూన్ తిరుగుతోంది, కళ్ళ చుట్టూ నల్ల పట్టీ ఉండే అడవి జంతువు. పాపం చిక్కిపోయి ఉంది. కొట్లో పిల్లి తిండి కనపడితే ఒక సంచీ తెచ్చాను. మాకు పిల్లి లేదు. మూగజీవానికి ఇంత పెట్టడానికి పిల్లి ఉండి తీరాలని ఎక్కడా రాసిలేదు.

చీకటి పడ్డాక మెట్ల మీద ఒక గిన్నెడు పెట్టాను. కెమెరా చూపు దారివైపు ఉంది కాబట్టి దానికేమీ ఇబ్బంది ఉండదు.

సెప్టెంబరు 27

ఇబ్బంది అయింది. ఫోను రెండుసార్లు మోగింది.

పిల్ల అటే పోయింది.

సెప్టెంబరు 30

రకూన్ ఇంకా చిక్కిగానే ఉంది. గిన్నె కొంచెం పెద్దది పెట్టాను.

చప్పుళ్ళు ఎక్కువైతే పిల్లకు పాత అలవాటు గుర్తొస్తుందని కాదు. అలా ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ బుద్ధి.

అక్టోబరు 2

రకూన్ పెళ్ళాం పిల్లలతో వచ్చింది.

అక్టోబరు 5

ఇవాళ జోసీ గుమ్మంలోంచి "అమ్మా, నా జాకెట్ ఎక్కడ?" అంది.

ఇంట్లో ఉన్నది డార్లా, నేను.

నోరు జారింది. డార్లా ఏమీ ఎరగనట్టు "కుర్చీ మీదుంది" అంది. ఆ తర్వాత సింకు దగ్గర నిలబడి ఒకటే కప్పు కడిగింది. ఎంతసేపు కడిగిందంటే, ఆ కప్పు ఇక ఈ జన్మకి కడగక్కర్లేదు.

దాన్ని పెంచింది నేను. దానికి చెవిపోటు వస్తే వెల్లుల్లి నూనె వేసింది నేను. వాళ్ళమ్మ ఎప్పుడొస్తుందని అడిగితే నిజం చెప్పిందీ నేనే. అయినా నన్ను ఎప్పుడూ నానమ్మా అనే అంది. నేను నానమ్మనే కాబట్టి. అందులో తప్పేముంది. ఏమీ లేదు.

అక్టోబరు 6

అసలు కుర్చీ మీద జాకెట్ లేదు. నేనూ చూశాను. తలుపు వెనక ఉంది.

అక్టోబరు 11

బడి నుంచి ఫోను చేశారు. జోసీ క్లాసులో నిద్రపోతోందట. లెక్కల పరీక్షలో బల్ల మీద తల పెట్టేసిందట. ఒకప్పుడు అలాంటి ఫోన్లు నేనే చేసేదాన్ని. ఇంటి పరిస్థితులు ఎలా ఉన్నాయి అని అవతల అమ్మాయి ఎంత మర్యాదగా అడిగిందో! బాగానే ఉన్నాయమ్మా అన్నాను. నేను ఫోను చేసినప్పుడూ అందరూ ఆ మాటే అనేవాళ్ళు.

డార్లా కూడా బస్సును ఎవరిదో ఉత్తరాల పెట్టెకి రాసుకుంటూ పోయింది. పిల్లలెవరికీ ఏమీ కాలేదు. కళ్ళ కింద నల్లగా ఉంది మనిషికి.

రాత్రి రాయిస్ ఎక్కడో కాన్సాస్ రోడ్డు మీంచి మాట్లాడాడు.

"అమ్మా, రకూన్ల కోసం ఇంటిల్లిపాదీ నిద్ర మానుకోవడమేంటే?"

"నీ పెళ్ళాం మిషన్నడుగు."

"అడిగా. జంతువులకి మోగకుండా ఆ ఫోన్లో ఒక మీట ఉంటుంది. అది నొక్కమంటే నొక్కనంటోంది. నువ్వైనా చెప్పవే."

"నా మాట ఎవరు వింటున్నారిక్కడ?"

"అమ్మా... అదేదో మనసులో పెట్టుకోకు."

"ఏది?"

"ఏదో ఒకటి. నీ గొంతు వింటే తెలుస్తోంది."

లారీ నడిపేవాడికి గొంతుల సంగతి ఎందుకు.

మీట ఉండి కూడా డార్లా నొక్కదట. ఎందుకో?

అక్టోబరు 12

పిల్ల కళ్ళు చూశాక, ఇవాళ్టి నుంచి గిన్నె పెట్టకూడదనుకున్నాను.

అక్టోబరు 13

పెట్టలేదు.

అక్టోబరు 14

పెట్టలేదు. రాత్రి అందరూ నిద్రపోయారు. జోసీ పొద్దున గలగలా మాట్లాడింది. డార్లా మాత్రం ఏదో పోగొట్టుకున్నదానిలా టిఫిన్ బల్ల దగ్గర ఫోను పదేపదే చూసుకుంది.

అక్టోబరు 19

ఈ వారం కూడా నా గదికి ఎవరూ రాలేదు. చప్పుడే లేకపోతే ఎందుకొస్తారు. పగలంతా బడి, ఆ తర్వాత బాస్కెట్‌బాల్, ఆ తర్వాత డార్లాతో బస్సు కడగడం. "నానమ్మా, నువ్వు కూడా రా, నీళ్ళు కొట్టుకుంటాం" అంది. మోకాలు నొప్పి అన్నాను. ఇంకోసారి అడిగితే వెళ్ళేదాన్ని. అడగలేదు.

సార్డీన్ చేపల డబ్బా ఒకటి పాతదైపోతోంది. పారేయడం ఎందుకు.

అక్టోబరు 21

రాయను.

అక్టోబరు 22

నిన్న తెల్లారుజామున జరిగింది రాసి పెట్టుకోవాలి. మర్చిపోతానని కాదు.

సార్డీన్ల డబ్బా పట్టుకుని వెనక మెట్ల మీదికి వెళ్ళాను. ఆ వేళప్పుడు తోడేళ్ళలాంటి కోయోట్‌లు తిరుగుతాయి కాబట్టి తుపాకీ తీసుకెళ్ళాను. లోపల ఫోను కుయ్యిమన్నది నాకు వినపడలేదు. తిరిగి వంటగదిలోంచి నడవాలోకి వచ్చేసరికి ఎదురుగా డార్లా. చీకటి. ఎవరో తెలియలేదు. తుపాకీ ఎత్తాను. ఎవరది అంది. అంతలో జోసీ బట్టల గదిలోంచి బయటికొచ్చి మా మధ్యకి పరిగెత్తింది. ఎవరికీ ఏమీ కాలేదు. దేవుడి దయ.

అక్టోబరు 23

చీకటి కాదు.

డార్లా పిస్టల్‌కి లైటు ఉంటుంది. అది నా ముఖం మీద పడి గోడకి తగిలి వెనక్కి వస్తోంది. దాని నైట్‌గౌన్ మీద పొద్దుతిరుగుడు పూలు కూడా కనపడుతున్నాయి. అసలు లైటు పడకముందే, మడమ మీద పడ్డ అడుగు విన్నప్పుడే, డార్లా అని తెలుసు.

నా తుపాకీ దించలేదు. ఎత్తి ఉంది, అలాగే ఉంచాను.

"ఎవరది?" అంది.

నేను పలకలేదు.

"మాట చెప్పండి."

పలకలేదు. చెప్తే ఇంట్లోదాన్ని, చెప్పకపోతే దొంగనని కదా దాని లెక్క. ఎవరు దొంగో ఆ పిస్టల్ పట్టుకున్నదే తేల్చుకోనీ అనుకున్నాను. ఆ మాటలే అనుకున్నాను. అప్పుడు నా వేలు ఎక్కడుందో నాకు తెలుసు. ఇక్కడ రాయను.

డార్లా అడుగుతున్నా నేను పలకడం లేదని జోసీ భయపడిందట. నా కోసం చూడడానికి తలుపు తీసుకుని వచ్చింది. డార్లా మోచేతి కింద నుంచి దూరి నా వైపు పరిగెత్తింది, చేతులు రెండూ పైకెత్తి.

"బటర్‌మిల్క్! బటర్‌మిల్క్! నానమ్మ తరఫున నేను చెప్తున్నా, బటర్‌మిల్క్!"

నా గొట్టం ముందు పిల్ల పొట్ట. పిల్ల వీపు మీద డార్లా లైటు.

ముందు ఎవరు దించారో గుర్తులేదు. ఇది నిజంగానే గుర్తులేదు.

పిల్ల నా నడుం పట్టుకుంది. ఇన్ని వారాలుగా ఎదురు చూసింది దానికే. నా చేతులు తుపాకీకే అతుక్కుపోయాయి, దాన్ని పట్టుకోవడానికి రాలేదు. తర్వాత పిల్ల నన్ను వదిలేసి, గోడకి చేరగిలబడి, వాంతి చేసుకుంది.

అక్టోబరు 24

పిల్ల బడికి వెళ్ళాక డార్లా వెనక మెట్ల మీదికి వచ్చి నా పక్కన కూర్చుంది. గిన్నె మా ఇద్దరి మధ్యా ఉంది.

"మీరే పెడుతున్నారని నాకు తెలుసు మిసెస్ ప్రూయిట్."

"ఏం పెట్టాను?"

"కెమెరాకి దారి ఒక్కటే కాదు, ఈ మెట్లు కూడా కనపడతాయి. రోజూ ముందు మీరొస్తారు, గిన్నె పెడతారు, 'తినరా నాయనా' అంటారు. తర్వాత అదొస్తుంది. మాట కూడా వినపడుతుంది."

చచ్చినంత పనైంది. దొంగని పట్టుకోవడానికి పెట్టిన మిషన్లో నెల రోజులుగా పట్టుబడుతున్నది నేను.

"రాయిస్‌కి చెప్పావా?"

"లేదు."

"చెప్పాల్సింది. ఆ మీట నొక్కి పడుకుని ఉండాల్సింది. నీకు పొద్దున్నే బస్సుంది. పిల్లకు బడి ఉంది. ఎందుకు లేచావు రోజూ?"

డార్లా గిన్నె అంచు గోటితో గీరింది. గోరు ఊదారంగు.

"మోగితే కదండీ అది నా దగ్గరికొచ్చేది."

నేను గిన్నె నా వైపు జరుపుకున్నాను.

"మామూలప్పుడు దానికి నేను డార్లాని. బస్సు డార్లా. మోగినప్పుడు మాత్రం పరిగెత్తుకొచ్చి నా చంకలో దూరుతుంది. మీరు గిన్నె పెట్టని ఆ వారం రోజులూ నేను మెలకువగానే పడుకున్నా. పెడితే బావుండునని."

"సిగ్గులేదూ?"

"మీకుందా?"

లేదు. అదీ నిజమే.

మళ్ళీ నేనే అడిగాను. "ఆ రోజు నీకు తెలుసు కదా, నేనేనని."

"లైటు మీ ముఖం మీదే ఉంది."

"మరి మాటెందుకు అడిగావు?"

"మీ నోటి వెంట ఒక్కసారైనా చెప్పించాలనుకున్నా." ముక్కు చీదుకుంది. "క్లాసులో అందరి ముందూ నిలబెట్టి నా చేత అప్పజెప్పించేవారు కదా. రాకపోతే వచ్చేదాకా నిలబెట్టేవారు."

"అంటే ఆ పగా?"

"ఏమో. కొంత. ఎక్కువేం కాదు."

లాటిన్‌లో తప్పిన పిల్ల నిజం చెప్పడంలో నన్ను దాటిపోయింది. ఈ మాట దానితో అనలేదు. ఇక్కడ అంటున్నాను, అది చదవదు కాబట్టి.

గిన్నె తీసి కడిగాను. డార్లా ఫోను తీసి ఆ మీట నొక్కింది. చూపించి మరీ నొక్కింది. నేను కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూశాను.

అక్టోబరు 27

రాయిస్ వచ్చాడు. ఎవరం చెప్పలేదు. జోసీయే చెప్పింది, వాడు లారీ దిగీ దిగకముందే. వాడు అరిస్తే బాగుండేది. నా ట్వంటీ గేజ్, డార్లా పిస్టల్ రెండూ ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"దొంగొస్తే?" అన్నాను.

"మీ ఇద్దర్నీ చూసి పారిపోతాడులే" అన్నాడు.

నవ్వలేదు ఎవరూ. వాడు కూడా.

తర్వాత జోసీ మమ్మల్నిద్దర్నీ తన గది గుమ్మం దగ్గరికి పిలిచింది. తలుపు లోపల కొత్త గడియ. వాళ్ళ నాన్న చేత బిగించుకుంది.

"రాత్రి ఏమన్నా వినపడితే నేను ఎవరి దగ్గరికీ రాను. గడియ పెట్టుకుంటా. మీరు కూడా నా దగ్గరికి రావద్దు."

"భయమేస్తే?" అంది డార్లా.

"నాకు మీ ఇద్దరంటేనే భయం."

అని తలుపు వేసేసుకుంది. గట్టిగా కాదు, మెల్లిగా. గట్టిగా వేసినా బాగుండేది.

అక్టోబరు 28

చప్పుడు లేదు.

నవంబరు 1

చప్పుడు లేదు. రాయిస్ మళ్ళీ లారీ ఎక్కాడు. తొట్టిలో బొంత తీసి ఉతికాను. ఉతికి మళ్ళీ అక్కడే పరిచాను. అలవాటు.

నవంబరు 4

జోసీకి లెక్కల్లో మంచి మార్కులు వచ్చాయి. కాగితం తెచ్చి టిఫిన్ బల్ల మీద సరిగ్గా మధ్యలో పెట్టింది. నా పక్క పెట్టలేదు, డార్లా పక్కా పెట్టలేదు. ఇద్దరం ఒకేసారి చెయ్యి చాపాం.

నవంబరు 9

నిన్న రాత్రి గాలి. ఎప్పటి గాలి కాదు, కొండ మీంచి దొర్లుకుంటూ వచ్చే రకం. ఏదో విరిగి పడింది. రేకు కావచ్చు. ఇల్లంతా అదిరింది.

మంచం కింద చెయ్యి పెట్టాను. ఏమీ లేదు. ఉత్త చేతులతో నడవాలోకి వచ్చాను. అవతల గదిలోంచి డార్లా వచ్చింది. దాని చేతులూ ఖాళీయే. ఆ చేతుల్ని ఏం చేయాలో తెలియనట్టు చంకల్లో పెట్టుకుంది. ఎవరది అని అడగలేదు. నేనూ అడగలేదు.

జోసీ తలుపుకి చెవులు ఆనించి విన్నాం, చెరో పక్కన. గురక. వాళ్ళ నాన్నలాగే, నోరు తెరుచుకుని పెట్టే గురక. పిల్ల హాయిగా నిద్రపోతోంది.

"మీరెళ్ళి పడుకోండి మిసెస్ ప్రూయిట్" అంది గుసగుసగా.

"నువ్వు పో. తెల్లారితే నీకు బస్సుంది."

"శనివారం బస్సేంటండీ?"

అవును కదా.

"మీ మోకాలు..."

"నా మోకాలికేం, దివ్యంగా ఉంది."

దివ్యంగా లేదు. అందుకని కింద కూర్చున్నాను, తలుపుకి ఇటు. అది అటు కూర్చుంది. గడియ తీస్తే ముందు ఎవరు కనపడతారు అన్నది నేను ఆలోచించలేదని రాయబోయాను. ఆలోచించాను. ముందు డార్లా లేస్తే నేనూ లేద్దామని చూశాను. అదీ నా కోసం అలాగే చూస్తోందని కాసేపటికి అర్థమైంది. చలికి దాని పళ్ళు టకటకలాడుతుంటే నా శాలువాలో సగం ఇచ్చాను. పెద్ద సగం నేనే ఉంచుకున్నాను.

తెల్లవారాక గడియ తీసిన చప్పుడైంది. జోసీ జుట్టు పిచ్చుక గూడులా చేసుకుని గుమ్మంలో నిలబడింది. కింద నడవాకి అడ్డంగా రెండు జతల కాళ్ళు. ఒకటి నాది, మేజోళ్ళతో. ఒకటి డార్లాది.

మమ్మల్ని మార్చి మార్చి చూసింది. ఆవులించింది.

"ఎవరు గెలిచారు?" అంది.

జవాబు కోసం ఆగలేదు. మా కాళ్ళు దాటుకుని వంటగదిలోకి పోయింది. డబ్బా మూత తీసిన చప్పుడు, గిన్నెలో పాలు పోసుకున్న చప్పుడు వినపడ్డాయి.

డార్లా నవ్వింది. నేనూ నవ్వాననుకుంటాను. లేవడానికి చెయ్యి అందిస్తే పట్టుకున్నాను కూడా.

కాని దాని కాళ్ళు నా కాళ్ళకంటే తలుపుకి దగ్గరగా ఉన్నాయి. నేను చూశాను.